సిస్టర్ జీతం ఎంత?

మా చెల్లెలు ఈ సంవత్సరం ప్లస్ టూ ముగించింది. బయాలజీలో మంచి మార్కులు వచ్చినాయి. ఫలితాలు వచ్చిన రోజే "నేను నర్సింగ్ చదువుతాను" అనింది. అమ్మకు సంతోషం, నాయనకు సందేహం. అవ్వ అయితే "సూది వేసే చెయ్యి ఇంట్లో ఒకటి ఉంటే మంచిదే కదా" అని తేల్చి చెప్పేసింది. కడాకు నాయన నా వైపు తిరిగి, "కాలేజీకి పోయేదానివి నువ్వే కదా, నువ్వు చెప్పు. చదివించేదా, వద్దా?" అని అడిగినాడు.

నేను చదివేది తెలుగు. నర్సింగ్ గురించి నాకేం తెలుసు? కానీ మా చుట్టరికంలో ఇద్దరు నర్సులు ఉన్నారు. ఒకరు మా పెద్దనాయన కూతురు, అక్క. ఇంకొకరు మా అమ్మ చెల్లెలు. అమ్మవాళ్లది కన్నడం, అందుకే ఆమెను మేం చిన్నమ్మ అనం, చిక్కమ్మ అంటాం. రెండు ఆదివారాలు ఇద్దరి దగ్గరా కూర్చుని లెక్కలు అడిగినాను. అప్పుడు ఒకటి గమనించినాను. ఊళ్లో ఎవరి కొడుకు ఏ కంపెనీలో ఎంత సంపాదిస్తున్నాడో అందరికీ తెలుసు. నర్సు జీతం ఎంతని మాత్రం ఎవరూ అడగరు. "సిస్టరమ్మా" అని మర్యాదగా పిలుస్తారు, అంతటితో సరి. నేను అడిగి తెలుసుకున్నది ఈ గోడపత్రికలో రాస్తున్నాను. మన తరగతిలోనే ఎంతమందికి అక్కలో చెల్లెళ్లో నర్సింగ్ చదువుతున్నారో నాకు తెలుసు కాబట్టి.

ముందు అక్క లెక్క. అక్క జీఎన్ఎం చదివింది. మూడేండ్ల కోర్సు. ఫీజు, హాస్టలు, యూనిఫారం, పుస్తకాలు అన్నీ కలిపి 2,40,000 రూపాయలు అయింది. పెద్దనాయన ఆ లెక్క రాసిపెట్టిన నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. దాంట్లో సగం పెద్దమ్మ నగలు కుదువపెట్టి తెచ్చిన డబ్బే. చదువు అయినాక రాష్ట్ర నర్సుల కౌన్సిల్లో పేరు రిజిస్టరు చేయించుకుని, దగ్గరి టౌనులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. 30 పడకల ఆస్పత్రి. జీతం నెలకు 9,000.

తొమ్మిది వేలు అంటే వినడానికి అంత తక్కువగా అనిపించదు. భాగించి చూస్తేనే తెలుస్తుంది. నెలలో 26 రోజులు డ్యూటీ. రోజుకు 346 రూపాయలు. డ్యూటీ పన్నెండు గంటలు. అంటే గంటకు 29 రూపాయలు కూడా లేదు. తమిళనాడులో నూరు దినాల పనికి 2025-26లో నిర్ణయించిన కూలి రోజుకు 336 రూపాయలు. రెండింటికీ తేడా పది రూపాయలు.

నూరు దినాల పనిని నేను చిన్నచూపు చూడటం లేదు. మా అవ్వ పోయిన పనే అది. ఎండలో మట్టి తవ్వడం తేలిక కాదని ఆమె అరచేతులు చూస్తే తెలుస్తుంది. ఆ కూలి కూడా ఇంకా పెరగాల్సిందే. నేను అడిగేది వేరే. మూడేండ్ల చదువు, పరీక్షలు, రిజిస్ట్రేషన్, రాత్రంతా మేలుకోవడం, మందు ఒక చుక్క ఎక్కువైతే ప్రాణం పోతుందనే భయం. వీటన్నిటికీ కలిపి రోజుకు పది రూపాయలేనా?

రెండేండ్లు చేసినాక అక్కకు జీతం 11,000 అయింది. మానేస్తానని చెప్తే, చేరేటప్పుడు తీసిపెట్టుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇయ్యలేదు. మూడు నెలల జీతం కడితేనే ఇస్తామన్నారు. పెద్దనాయన 33,000 కట్టి తెచ్చినాడు. ఇప్పుడు అక్క ఫోను విడిభాగాలు చేసే కంపెనీకి పోతోంది. ఊరి ముందరికే బస్సు వస్తుంది. మధ్యాహ్నం అన్నం అక్కడే. చేతికి 15,500 వస్తుంది. ఆమె పక్కన కూర్చుని అదే పని చేసే పిల్ల ప్లస్ టూ ముగించి నేరుగా వచ్చినది. అక్క రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ బీరువాలో చీరల అడుగున ఉంది. "బాధగా లేదా?" అని అడిగినాను. "నెల కడాన నగల వడ్డీ కట్టేటప్పుడు బాధ లేదు. ఎవరికన్నా చెయ్యి పట్టుకుని నాడి చూడాల అనిపించినప్పుడు ఉంటుంది" అనింది.

ఇక చిక్కమ్మ. ఆమెది ప్రభుత్వ ఉద్యోగం అని ఊరంతా అనుకుంటారు. 2015లో తమిళనాడు ప్రభుత్వం మెడికల్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా పోటీ పరీక్ష పెట్టి వేలమంది నర్సులను తీసుకుంది. చిక్కమ్మ ఆ పరీక్ష పాసయింది. కొండల వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగ్ వచ్చింది. వీధిలో అందరికీ మిఠాయి పంచినాం, నాకు బాగా జ్ఞాపకం. ఆర్డరులో ఉన్న జీతం మాత్రం నెలకు 7,700. వేరే అలవెన్సులు ఏమీ లేవు, మొత్తం అంతే. రెండేండ్ల తరువాత పర్మనెంట్ చేస్తామనే మాట మీద చేరినారు.

రెండేండ్లు అయినా ఆ మాట నిలబడలేదు. 2017 నవంబరులో ఆ నర్సులు వేలమంది చెన్నైకి పోయి డీఎంఎస్ ఆవరణలో కూర్చున్నారు. టీవీలో చూసినాను. పసిబిడ్డలను ఎత్తుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చిక్కమ్మ పోలేదు. వాళ్ల కేంద్రంలో ఉండేదే ముగ్గురు నర్సులు. మిగతా ఇద్దరు పోయినారు. "నేనూ పోయింటే ఆ రాత్రి కాన్పుకు వచ్చినామెను ఎవరు చూసేది?" అని ఇప్పుడు కూడా అంటుంది. ఆ తరువాత జీతం 14,000 చేసినారు, ఆ పైన 18,000 చేసినారు. ఆమెతో చేరినవాళ్లలో కొందరు వరసగా పర్మనెంట్ అయినారు. పదేండ్లయినా చిక్కమ్మ వరస ఇంకా రాలేదు.

ఆమె చేసే పని ఏమిటో కూడా చెప్పాల. ప్రభుత్వ లెక్క ప్రకారం మైదానంలో 30,000 మందికి, కొండ ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అది ఇరవైనాలుగు గంటలూ నడవాలని ముగ్గురు నర్సులను పెట్టినారు. ఒకరు సెలవు పెడితే మిగిలిన ఇద్దరే పగలూ రాత్రీ. డాక్టరు గారు సాయంకాలం పోయినాక రాత్రికి ఆ కట్టడంలో ఉండే పెద్ద దిక్కు నర్సే. మన తళి, జవళగిరి వైపు సంగతి మీకు తెలియనిది కాదు. చీకటి పడినాక ఏనుగులు రోడ్డు దాటుతాయి. రాగి పైరు కోతకు వచ్చే కాలంలో ఇంకా ఎక్కువ. చిక్కమ్మ రాత్రి డ్యూటీ ఉంటే నాలుగున్నరకే బస్సు ఎక్కేస్తుంది. ఆ మూడు గంటల ముందు రాకకు లెక్క లేదు.

ఇంకొక పని ఉంది, అది ఏ రిజిస్టరులోనూ రాయరు. డాక్టరు గారిది దక్షిణ జిల్లా, ఆయనకు వచ్చేది తమిళం. చీటీలన్నీ తమిళం, ఇంగ్లీషు. వచ్చే ముసలివాళ్లకు వచ్చేది తెలుగో కన్నడమో. "గుండె కాడ మండతా ఉండాది" అని ఒక అవ్వ చెప్తే, అది గుండె నొప్పా, పుల్లతేన్పా అని విడదీసి అడిగి, డాక్టరుకు తమిళంలో చెప్పి, ఆయన చెప్పిన మందు వేళలు మళ్లీ తెలుగులో రెండుసార్లు చెప్పి పంపేది చిక్కమ్మే. మన డిపార్టుమెంటులో అనువాదం ఒక పేపరు. దానికి మార్కులు ఉన్నాయి. చిక్కమ్మ అనువాదంలో తప్పు వస్తే పోయేది మార్కులు కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో 99.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగినాయని ఉంది. చాలా గొప్ప విషయం. నేనూ గర్వపడతాను. కానీ ఆ అంకె కొండ పల్లెల్లో ఎవరి చేతుల మీద నిలిచి ఉందో వాళ్ల జీతం అంకె కూడా దాని పక్కనే రాయాలి కదా.

ఇప్పుడు అన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో నర్సింగ్ ఆఫీసరుగా చేరినవారికి ఏడవ వేతన సంఘం ప్రకారం మూల వేతనమే 44,900. అలవెన్సులు దానికి మీద. మన రాష్ట్రంలో పర్మనెంట్ నర్సుకు కాంట్రాక్టు నర్సుకంటే రెండింతలకు మించి వస్తుంది. చిక్కమ్మకు 18,000. అక్క చేరినప్పుడు 9,000. అందరిదీ రిజిస్టరైన నర్సు అనే అర్హతే. వేసే సూది అదే, చూసే బీపీ అదే. పల్లె దగ్గరపడే కొద్దీ, పెద్ద కట్టడం చిన్నదయ్యే కొద్దీ జీతం మాత్రం కరిగిపోతుంది.

ఇది తప్పని నేను కొత్తగా కనిపెట్టినది కాదు. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినందువల్ల కేంద్రం ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ స్పష్టంగా రాసింది. 200 పడకలకు మించిన ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇయ్యాల. 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్న చిన్న ఆస్పత్రి అయినా సరే 20,000కు తగ్గకూడదు. అక్క పనిచేసిన ఆస్పత్రి ఈ కడపటి వరసలోకి వస్తుంది. ఆ సిఫారసు వచ్చిన ఎన్నో ఏండ్లకు అక్క ఉద్యోగంలో చేరింది. చేరినప్పుడు అందులో సగం కూడా రాలేదు.

దీనికి జవాబుగా మామూలుగా మూడు మాటలు వినిపిస్తాయి. మా ఇంట్లోనే వినిపించినాయి.

మొదటిది, పల్లెలో ఖర్చు తక్కువ అనేది. ఏ ఖర్చు? వంటగ్యాసు ధర తళిలో తక్కువా? నర్సింగ్ కాలేజీ ఫీజు పల్లె పిల్లలకు తక్కువా? నగల మీద వడ్డీ తక్కువా? ఇంటి బాడుగ ఒక్కటి తక్కువ. దానికి బదులుగా బస్సు లేని రాత్రులు ఉన్నాయి. కష్టమైన చోట పనిచేసేవారికి ఎక్కువ ఇయ్యాల గానీ తక్కువ ఇయ్యడం ఏం న్యాయం?

రెండోది, చిన్న ఆస్పత్రి అంత ఎట్లా ఇస్తుంది, ఆ భారం మళ్లీ రోగి మీదే పడుతుంది కదా అనేది. ఈ మాటలో కొంత నిజం ఉంది. పల్లె రోగి దగ్గర డబ్బు లేదు, ఇన్సూరెన్సు డబ్బు ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమూ అవుతుంది. కానీ స్కానింగ్ మిషను అమ్మేవాడు పల్లె ఆస్పత్రి అని సగం ధరకు ఇస్తాడా? కరెంటు బిల్లు సగం వస్తుందా? తగ్గించమంటే తగ్గేది నర్సు జీతం ఒక్కటే, ఎందుకంటే ఆమెకు ఇల్లు దగ్గర, వేరే చోటికి పంపరు అని వాళ్లకు తెలుసు. కేరళలో 2017లో నర్సులు పెద్ద ఎత్తున పోరాడినారు. 2018లో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు ఆస్పత్రుల నర్సులకు కనీస వేతనం 20,000 అని ఉత్తర్వు తెచ్చింది. అక్కడ ఆస్పత్రులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

మూడోది అన్నిటికంటే బలమైనది. "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ." ఈ మాట అనేవాళ్లు మంచివాళ్లే. అందుకే దీనికి జవాబు చెప్పడం కష్టం. కోవిడ్ కాలంలో నర్సులను దేవతలు అన్నాం. చప్పట్లు కొట్టినాం. అప్పుడు తాత్కాలికంగా తీసుకున్న నర్సుల్లో రెండు వేలమందికి పైగా 2022 డిసెంబరు 31తో పని పోయింది. 2023 జనవరిలో వాళ్లు రోడ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. దేవతలకు ఆ గతి ఎట్లా పట్టింది?

తెలుగులో 'కొలుచు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పూజించడం. ఇంకొకటి కొలత వేయడం, మా పల్లెలో రాగులు కొలిచినట్టు. నర్సులను మనం మొదటి అర్థంలో బాగానే కొలుస్తున్నాం. రెండో అర్థంలో కొలవడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

ఇది నర్సుల గొడవ, మనకెందుకు అని అనుకోవద్దు. పోయిన సంవత్సరం అవ్వకు షుగరు ఎక్కువై ఒక ఆస్పత్రిలో మూడు రాత్రులు ఉంచినాం. ఆ అంతస్తులో 18 మంది రోగులు. రాత్రికి ఒక్క నర్సు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రి వార్డులో ఐదుమందికి ఒక నర్సు ఉండాల. ఆ పిల్ల కోర్సు ముగించి నాలుగు నెలలే అయిందట. మంచి పిల్ల, ఒక్క నిమిషం కూర్చోలేదు. అయినా అవ్వ సెలైన్ సీసా అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కేదాకా ఎవరూ చూడలేదు. నేను కేక వేస్తే పరుగెత్తి వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ రాత్రి అక్కడ ఉండాల్సిన అనుభవం ఉన్న నర్సు ఎక్కడుంది? బెంగళూరులో ఉంది, గల్ఫులో ఉంది, లేకపోతే మా అక్క మాదిరి ఫోను కంపెనీలో ఉంది. పల్లె ఆస్పత్రి ప్రతి సంవత్సరం కొత్త పిల్లను తక్కువ జీతానికి తెచ్చుకుంటుంది. ఆమె పని నేర్చుకునేసరికి వెళ్లిపోతుంది. తక్కువ జీతానికి మిగతా ధర చెల్లించేది మన అవ్వలూ తాతలే.

కాబట్టి నేను కోరేవి ఇవి. ప్రభుత్వం తాను పెట్టిన పరీక్ష పాసై, పర్మనెంట్ నర్సు చేసే పనే చేస్తున్నవారికి అదే జీతం ఇయ్యాల. కొండ ప్రాంతంలో చేసేవారికి దాని మీద ఇంకొంత ఇయ్యాల. చిన్న ఆస్పత్రులకు 20,000 అనే సిఫారసును చట్టంగా చేసి, జీతం బ్యాంకులో పడేటట్టు, సర్టిఫికెట్లు పట్టుకోకుండా చూడాల.

మనవంతు కూడా ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరుతుంటే ఆర్డరు రాతలో అడగమనండి. ఒరిజినల్స్ ఇయ్యవద్దని, జెరాక్సులు చాలని చెప్పండి. మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 గ్రామసభల్లో మన ఆరోగ్య కేంద్రంలో ముగ్గురు నర్సులూ ఉన్నారా అని అడగండి. అడిగేది ఒక ఆడపిల్ల అయితే మొదట నవ్వుతారు. రెండోసారి రాసుకుంటారు. మేడమ్‌లకు కూడా ఒక విన్నపం. మే 12 నర్సుల దినానికి మనకు సెలవులు. అందుకని ఈ సెమిస్టరులోనే ఒక మధ్యాహ్నం ఒక నర్సును మన డిపార్టుమెంటుకు పిలవండి. శాలువా కప్పి పంపేయడానికి కాదు, ఆమె చెప్పేది కూర్చుని వినడానికి.

నాయనకు నేను చెప్పిన జవాబు కూడా చెప్పి ముగిస్తాను. "చదివించు. కానీ నగలు కుదువపెట్టి వద్దు. ముందు ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో సీటుకు అప్లికేషను వేద్దాం. రాకపోతే ఒక సంవత్సరం ఆగి మళ్లీ వేద్దాం" అన్నాను. చెల్లెలు మొహం చిన్నబుచ్చుకుంది గానీ ఒప్పుకుంది. ఆ సాయంకాలం అక్క డ్యూటీ బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. తన నర్సింగ్ పుస్తకాలు మూడు సంచుల్లో తెచ్చి చెల్లెలి ముందర పెట్టింది.

"పుస్తకాలు ఊరికే తీసుకో పాపా. పని మాత్రం ఎవరికీ ఊరికే చెయ్యొద్దు" అనింది.